కత్తిరించిన హైడ్రోజన్ గీత

ఒక ఖగోళ బృందపు నమోదు పుస్తకంలో పోయిన వేసవి నుంచి ఒక తప్పు నా పూర్వ విద్యార్థిని పేరు మీద ఉంది. ఆ తప్పు ఆమెది కాదు, నాది. ఆ పుస్తకంలో నా పేరు రాయడానికి గడి లేదు. అక్కడివారు అడిగినప్పుడు ఆమె నా పేరు చెప్పలేదు. నేనే చెబుతానంటే వద్దన్నది. ఎవరి పేర్లూ లేకుండా, జరిగింది జరిగినట్టు రాస్తే అభ్యంతరం లేదని మాత్రం పలుమార్లు అడిగిన మీదట ఒప్పుకున్నది. తప్పు చేసినవాడు దాన్ని రాతపూర్వకంగా ఒప్పుకోవాలని ఉద్యోగకాలమంతా పిల్లలకు చెప్పిన మనిషిని నేను. నా వంతు వచ్చినప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు. అందుచేత ఇది రాస్తున్నాను.

నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఆమె అక్కడే నా దగ్గర చదివింది. ఇప్పుడు వినుకొండలో ఒక కళాశాలలో అధ్యాపకురాలు. మా ప్రయోగశాలలో సోడియం దీపపు వెలుగును గ్రేటింగ్ అనే సన్నగీతల గాజుపలక గుండా చూసి, దగ్గరదగ్గరగా ఉండే రెండు పసుపు గీతల స్థానాలను కొలిచే ప్రయోగం ఉండేది. తక్కిన పిల్లలలో చాలామంది పక్కవారి అంకెలు చూసి రాసుకుని వెళ్లిపోయేవారు. ఆమె మాత్రం తనకు వచ్చిన అంకె పుస్తకంలోని అంకెతో కలవకపోతే, కలవలేదని రాసి సంతకం చేసేది. అందుకే ఆమె నాకు గుర్తుండిపోయింది.

మూడేళ్ల కిందట ఒక ఉదయం ఆమె ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చింది. పలు దేశాలవారు కలిసి పనిచేసే ఒక బృందంలో తనను తాత్కాలికంగా చేర్చుకున్నారని చెప్పింది. ఆ బృందం చేసే పని ఇది. ఆకాశాన్ని ప్రతి రాత్రీ ఫోటో తీసే యంత్రాలు, నిన్న లేని చుక్క ఇవాళ కనిపించిందని చెబుతాయి. ఆ చుక్క ఏదో దూరపు గెలాక్సీలో పేలిన నక్షత్రం, అంటే సూపర్నోవా, కావచ్చు. అయితే అది ఏ రకం పేలుడో ఫోటో చెప్పదు. దక్షిణ అమెరికాలో ఒక కొండ మీద ఉన్న టెలిస్కోపు ఆ వెలుగును రంగులుగా విడదీసి వర్ణపటం తీస్తుంది. వారికి రాత్రి అయ్యేసరికి మనకు తెల్లవారుతుంది గనుక, ఆ వర్ణపటం మనకు టిఫిన్ల వేళకు అందుతుంది. ఆ రోజు వంతు ఉన్న సభ్యులు దాన్ని పరిశీలించి, రకం తేల్చి, నివేదిక పంపాలి. ఆమె వంతు గురువారం.

వర్ణపటం అంటే చివరికి కాగితం మీద ఒక ఎగుడుదిగుడు గీతే. అందులో హైడ్రోజన్ జాడ ఉంటే ఒక రకం. హైడ్రోజన్ లేకుండా, ఎరుపుకు కొంచెం ఇవతల సిలికాన్ వల్ల ఏర్పడిన లోతైన పల్లం కనిపిస్తే దాన్ని వన్-ఏ రకమంటారు. తరచుగా దొరికేది అదే. హైడ్రోజన్, హీలియం రెండూ లేక, సిలికాన్ కూడా అంత స్పష్టంగా లేకపోతే వన్-సీ. ఈ వన్-సీలలో పల్లాలన్నీ వెడల్పుగా సాగిపోయి కనిపించేవి కొన్ని ఉంటాయి. నక్షత్రం తన పదార్థాన్ని అసాధారణ వేగంతో విరజిమ్మిందని వాటి అర్థం. అవి అరుదు. అటువంటిది దొరికితే పెద్ద టెలిస్కోపులనూ రేడియో యాంటెన్నాలనూ వెంటనే దానివైపు తిప్పాలి. మొదటి రోజులలో చూడవలసినవి తరువాత చూద్దామంటే ఉండవు.

ఇందులో ఆమెకు పోయేదేమిటో ముందే చెబుతాను. మరొకరి ఆమోదం లేకుండా ఒంటి సంతకంతో నివేదిక పంపే హక్కు ఆమెకు పరీక్షార్థంగా ఇచ్చారు. పోయిన వేసవి చివర అది ఖరారు కావలసి ఉంది. వారానికి పద్దెనిమిది పీరియడ్ల పాఠాలు చెబుతూ, పరీక్షల డ్యూటీలు చేస్తూ, సొంత కంప్యూటరుతో ఆమె అంత దూరం వచ్చింది. ఆమె కళాశాలలో కొందరు ఆమెను ‘చుక్కల మేడం’ అని వేళాకోళం చేసేవారు. ఒక్క పెద్ద పొరపాటు జరిగితే ఆ హక్కు వెనక్కి పోతుంది.

నన్ను ఆమె అడిగింది చిన్న సాయం. “రెండో కన్ను కావాలి సార్. ఒక్కదాన్నే చూస్తంటే నాకు కావాల్సిందే కనపడతన్నది” అన్నది. నేను ఒప్పుకున్నాను, కానీ నా పద్ధతిలో చేయాలని షరతు పెట్టాను.

ఆ పద్ధతి వాల్యుయేషన్ క్యాంపులలో నేర్చుకున్నది. విశ్వవిద్యాలయపు జవాబు పత్రాలు దిద్దడానికి ముందు హాల్ టికెట్ నంబరు ఉన్న ముక్కను చించి వేరే భద్రపరుస్తారు. ఆ స్థానంలో ఒక కోడ్ నంబరు వేస్తారు. దిద్దేవారికి ఆ పేపరు ఎవరిదో, ఏ కళాశాలదో తెలియదు. ఇద్దరు విడివిడిగా దిద్దుతారు. మార్కులు రిజిస్టరులోకి ఎక్కిన తరువాతే చించిన ముక్కను తీసి ఎవరిదో చూస్తారు. నేను ఎన్నో క్యాంపులలో ఈ పనికి బాధ్యుడిగా ఉన్నాను. మనిషిలోని పక్షపాతాన్ని అణచడానికి దీనికి మించిన ఏర్పాటు లేదని నా నమ్మకం.

కాబట్టి ఆమె చేత ఒక చిన్న ప్రోగ్రాం రాయించాను. ఏ వర్ణపటంలోనైనా పేలిన నక్షత్రపు వెలుగుతో పాటు, అది ఉన్న గెలాక్సీలోని వాయువుల వెలుగు కూడా కలుస్తుంది. అవి సన్నగా, నిటారుగా లేచిన గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతలను కత్తిరించి ఆ చోటును నున్నగా చేయడం ప్రోగ్రాం పని. కత్తిరించని అసలు బొమ్మ వేరే ఫైలులో ఉంటుంది. మేమిద్దరం కత్తిరించిన బొమ్మను మాత్రమే చూసి, ఎవరి తీర్పు వారు కాగితం మీద రాసి, ఒకే నిమిషంలో ఫోన్లో ఒకరికొకరు పంపుకోవాలి. రెండు తీర్పులూ కలిస్తే నివేదిక వెళ్లాలి. అసలు బొమ్మ ఆ తరువాతే తెరవాలి.

ఆమె మొదటి రోజే అభ్యంతరం చెప్పింది.

“సార్, మా గ్రూపులో అందరూ ముందు గెలాక్సీ గీతే చూస్తారండీ. గెలాక్సీ మననుంచి దూరంగా పోయేకొద్దీ గీతలన్నీ ఎరుపు పక్కకి జరుగుతయ్యి గదా. ఎంత జరిగినయ్యో తెలీకపోతే పల్లం అసలు ఎక్కడుందో ఏం చెప్తాం?”

“కంప్యూటరు పాత వర్ణపటాలతో పోల్చి ఆ జరుగుడును అదే తేలుస్తుంది కదా?”

“తేలుస్తదనుకోండి. అది ఊహే గదా సార్.”

“దిద్దేవాడికి పిల్లవాడు ఎవరి కొడుకో తెలియకూడదమ్మా. తెలిస్తే మార్కులు మారతాయి.”

ఆమె నవ్వింది. “ఎవరి కొడుకో అక్కర్లేదు సార్. ఎత్తెంతో తెలియాలి. ఎత్తు తెలీకుండా ఏ టైలరు చొక్కా కుడతాడండీ?”

పోలిక బాగుంది. అప్పుడే ఒప్పుకోవలసింది. కానీ గురువు స్థానంలో కూర్చున్నవాడికి శిష్యురాలి పోలిక బాగున్నప్పుడు కొంచెం కోపం వస్తుంది. “క్రమం అంటూ ఒకటి ఉండాలి” అని ఆ సంభాషణ ముగించాను. ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తరువాత చాలా గురువారాలు గడిచాయి. నివేదిక పంపిన వెంటనే ఆమె అసలు బొమ్మ తెరిచి గెలాక్సీ గీత చూసేది. ప్రతిసారీ మా తీర్పు నిలబడింది. నా పద్ధతి సరైనదని నాకు గట్టిగా తోచింది. ఆ వారాలలో వచ్చినవి ఎవరు చూసినా తెలిసిపోయే సులువైన వర్ణపటాలని నాకు అప్పుడు తోచలేదు.

సంగతి జరిగిన గురువారం డిగ్రీ సెమిస్టరు పరీక్షలు నడుస్తున్నాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆమెకు ఇన్విజిలేషన్. ఒంటిగంటకు కళాశాలలో హాజరు కావాలి. వర్ణపటం ఉదయం ఆలస్యంగా వచ్చింది. నేను కోర్టు దగ్గరి జిరాక్సు షాపులో దాన్ని పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, ఇంటికి వచ్చి, స్కేలు, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఎరుపుకు ఇవతల పల్లం ఉంది. కంప్యూటరు వన్-ఏ అన్నది. గెలాక్సీ దగ్గరలోనిదే అన్నది. నేను వన్-ఏ అని రాశాను. ఆమె కూడా వన్-ఏ అని రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. వెంటనే ఫోను చేసింది.

“సార్, ఇంత దగ్గరైతే వన్-ఏ ఇంకా బాగా వెలగాలండీ. ఇది చానా మసగ్గా ఉంది. రంగు కూడా ఎర్రగా ఉంది.”

“మధ్యలో ధూళి ఉంటుంది. ధూళి వెలుగును తగ్గిస్తుంది, ఎర్రగా చేస్తుంది. రెండింటికీ అదే సమాధానం.”

“పల్లం కూడా వెడల్పుగా అనిపిస్తంది నాకు.”

“గీత వణుకుతూ రొద ఎక్కువగా ఉన్న వర్ణపటంలో అన్నీ వెడల్పుగానే కనిపిస్తాయి.”

తరువాత, “అసలు బొమ్మ ఒకసారి తెరవమంటారా సార్?” అని అడిగింది.

“రెండు తీర్పులూ కలిశాయి కదా? ముందు నమోదు, తరువాత తెరవడం. ఈ రోజు హడావుడి ఉందని ఇది మారిస్తే రేపు ఇంకొకటి మారుస్తాం” అన్నాను.

ఆమె నివేదిక పంపింది. పన్నెండున్నరకు ఫోను ఆఫ్ చేస్తున్నానని, ఈసారికి అసలు బొమ్మను నన్ను చూడమని, తేడా ఉంటే ఆరింటికి మాట్లాడదామని సందేశం పెట్టింది. నేను ఆ ఫైలు అప్పుడే తెరిచి ఉండవచ్చు. తెరవలేదు. ఒంటిగంటకు భోజనం, రెండింటి దాకా నడుం వాల్చడం నా నియమం. దానిని మార్చుకోవలసిన కారణం నాకు కనిపించలేదు.

రెండు దాటిన తరువాత లేచి, ముఖం కడుక్కుని, ఫైలు తెరిచాను. గెలాక్సీ తాలూకు హైడ్రోజన్ ఎర్ర గీత సూదిలా నిలబడి ఉంది. ప్రయోగశాలలో ఆ గీత 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. ఇక్కడ 6793 దగ్గర ఉంది. ఒకదానిని మరొకదానితో భాగించాను. కంప్యూటరు ఊహించిన జరుగుడుకు ఇది దాదాపు రెట్టింపు. మళ్లీ భాగించాను. అంతే వచ్చింది. గెలాక్సీ మేము అనుకున్నంత దగ్గరలో లేదు. ఆ దూరంతో లెక్క సరిచేస్తే, మేము సిలికాన్‌కు అప్పగించిన పల్లం సాధారణ వన్-ఏలో ఉండవలసిన చోటు వదిలి బాగా నీలం పక్కకు పోయింది. వెలుగు తక్కువ కాదు; దూరం ఎక్కువ. ఎరుపు ధూళిది కాదు, ఆ పేలుడుదే. వెడల్పు రొద వల్ల వచ్చింది కాదు, నిజంగానే వెడల్పు. ఆమె మూడు అనుమానాలకూ నేను చెప్పిన రెండు సమాధానాలూ తప్పు. అది అతివేగపు వన్-సీ.

ఐదింటికి బృందం సమావేశం. ఆ రాత్రి ఏ టెలిస్కోపు దేనివైపు తిరగాలో అక్కడ తేలుస్తారు. వన్-ఏ అని నమోదైన దానిని ఎవరూ తలెత్తి చూడరు. మరుసటి రోజో ఆ మరుసటి రోజో మరెవరో దాని అసలు రకం బయటపెడతారు. అప్పుడు ఒంటి సంతకంతో తప్పు నివేదిక పంపిన పేరు ఒకటే కనిపిస్తుంది.

ఆమె ఫోను స్విచ్ ఆఫ్. కళాశాల ఆఫీసుకు చేశాను. ఎవరో ఎత్తి, “పరీక్ష టైములో స్టాఫ్‌ను పిలవటం కుదరదు, ఐదు తర్వాత చెయ్యండి” అని పెట్టేశారు. పద్ధతి ప్రకారం అతను చేసింది సరైనదే. బృందానికి నేరుగా రాయడానికి నేను సభ్యుణ్ణి కాను. వారి చిరునామా కూడా నా దగ్గర లేదు.

చొక్కా మార్చుకుంటుంటే నా భార్య అడ్డం వచ్చింది.

“ఎక్కడికండీ ఈ ఎండలో?”

“వినుకొండ. నక్షత్రం రకం తప్పు రాశాం.”

“ఆ నక్షత్రం ఎప్పుడు పేలింది?”

“కోట్ల సంవత్సరాల కిందట.”

“అయితే ఆ పరీక్ష అయ్యేదాకా ఆగలేదా అది? అన్ని కోట్ల ఏళ్లు ఆగిందిగా!” అని, నా ముఖం చూసి మజ్జిగ సీసా చేతిలో పెట్టింది. “అమ్మాయికేమన్నా మాటొస్తదా?” అని అడిగింది. వస్తుందన్నాను. “అయితే ఆటో పిలవండి, బస్టాండు దాకా నడవమాకండి” అన్నది.

బస్సు నిండుగా ఉంది. కండక్టరు వెనక సీటు దొరికింది. వినుకొండ దాకా గంటకు పైగా పడుతుంది. ప్రతి స్టాపు దగ్గరా దిగేవారికి దిగే తొందర లేదు, ఎక్కేవారికి ఎక్కే తొందర లేదు. ఒక చోట రోడ్డు మీదికి గేదెల మంద వచ్చింది. డ్రైవరు హారన్ కొట్టి, తరువాత కొట్టడం మానేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను వాచీ చూసుకుంటున్నాను. కండక్టరు నా కాళ్ల వైపు చూశాడు.

“ఏంది తాతా, ఆ తొక్కుడు? బస్సు తోలేది మా డ్రైవరు, నువ్వు కాదు.”

ముందు సీటులో కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగి, “ఆసుపత్రికా అన్నా?” అని జాలిగా అడిగింది. కాదని తల అడ్డంగా ఊపాను. ఆసుపత్రి అయి ఉంటే ఆమెకు వెంటనే అర్థమయ్యేది.

కళాశాల గేటు దగ్గర దిగేసరికి నాలుగు దాటింది. గేటు తాళం వేసి ఉంది. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే మాట్లాడాడు.

“ఎవరు పెద్దాయనా? మనవరాలు రాస్తందా? బయట నీడలో కూకో.”

“లోపల ఒక ఇన్విజిలేటర్‌తో అర్జంటుగా మాట్లాడాలి.”

“పరీక్ష జరగతా ఉంటే ఇన్విజిలేటర్ని పిలుస్తారా ఏందీ? కలెక్టరొచ్చినా తియ్యనియ్యరు ఈ గేటు. మా చీఫ్ సార్ చానా స్ట్రిక్టు.”

చీఫ్ సూపరింటెండెంటును పిలవమన్నాను. నా పేరు చెప్పి పంపాను. ఆయన దాదాపు పరుగున వచ్చాడు. ఆయన కూడా నా దగ్గర పనిచేసినవాడే. నేను పరీక్షల బాధ్యుడిగా ఉన్న రోజులలో కొత్తగా చేరిన జూనియర్ లెక్చరర్.

“సార్, మీరా! ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ.”

“చేశాను. మీ ఆఫీసువాళ్లు పెట్టేశారు.”

“పెట్టరా మరి? మీ దగ్గర నేర్చుకున్న రూలే గదా సార్” అని నవ్వుతూ గేటు తీయించి, తన గదిలో కూర్చోబెట్టాడు. విషయం చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు తగ్గింది.

“సార్, మీకు గుర్తుందో లేదో. ఒకసారి పరీక్ష మధ్యలో ఒక మేడం గారికి ఇంటినుంచి కబురొచ్చింది, వాళ్ల నాన్నకి ఒంట్లో బాలేదని. ఆ చీటీ తెచ్చి మీకిచ్చింది నేనే. మీరు జేబులో పెట్టుకుని, ఐదింటికి పేపర్లు సీలు చేసినాకే ఆమెకిచ్చారు. ఆమెకి ఆఖరి బస్సు దొరకలేదు.”

గుర్తుంది. అప్పుడు నేను చేసింది సరైనదేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

“ఇప్పుడేం చేద్దామంటారు సార్? మీరు చెప్పినట్టే చేస్తా.”

ఆయన నన్ను దెప్పలేదు. నిజంగానే అడిగాడు. అదే కష్టమైంది. ఒక తండ్రి అనారోగ్యానికి ఇవ్వని పది నిమిషాలు ఒక నక్షత్రానికి ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. గోడ గడియారం నాలుగు ఇరవై ఐదు చూపుతోంది.

“రిలీవర్ ఉన్నాడా?” అని అడిగాను. ఇన్విజిలేటరు అవసరంగా బయటికి రావలసినప్పుడు ఆ స్థానంలో నిలబడేందుకు ఒకరిని ఉంచుతారు. ఆ ఏర్పాటు నియమాలలోనే ఉంది.

“ఉన్నాడు సార్. పంపమంటారా?”

“ముందు నాకొక కాగితం ఇవ్వండి.”

“కాగితం దేనికి సార్?”

“రాతపూర్వకంగా అడగాలి. రేపు ఎవరైనా అడిగితే మీ దగ్గర ఆధారం ఉండాలి.”

నాలుగు వరుసలు రాశాను. కారణం దగ్గర ‘అత్యవసరం’ అని రాసి, ఎవరి ప్రాణం మీదికీ రాలేదని తోచి కొట్టేశాను. కొట్టివేత ఉన్న దరఖాస్తు ఇవ్వడం ఇష్టం లేక ఇంకో కాగితం అడిగాను. ఆయన గడియారం వైపు చూశాడు, నా వైపు చూశాడు, కాగితం ఇచ్చాడు. రెండోసారి కారణం దగ్గర ‘నా వలన జరిగిన పొరపాటును సరిదిద్దుటకు’ అని రాశాను. ఆ కాగితాల మీద నేను ఖర్చు చేసిన నిమిషాలు ఎన్నో కచ్చితంగా చెప్పలేను. రిలీవర్ మేడ మెట్లు ఎక్కేటప్పుడు నాలుగు నలభై అయింది.

ఆమె వరండాలో నన్ను చూసి ఆగిపోయింది. ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నదని ముఖమే చెబుతోంది. “ఎవరికీ ఏమీ కాలేదు” అని ముందు ఆ మాట చెప్పి, అసలు బొమ్మ ప్రింటు చేతిలో పెట్టాను. ఫోనులోనే చూడవచ్చు, కానీ బస్టాండుకు వచ్చే దారిలో ఆటోను జిరాక్సు షాపు దగ్గర ఆపి ప్రింటు తీయించుకున్నాను. ఆమె కాగితం మీద హైడ్రోజన్ గీతను గోరుతో గుర్తించి, నోటితోనే లెక్క వేసింది. నాకు పావుగంట పట్టినది ఆమెకు ఒక నిమిషం పట్టింది.

“వన్-సీ” అన్నది. “వెడల్పుది.”

“అవును.”

“అప్పుడే తెరుద్దామన్నా గదా సార్.”

“అన్నావు.”

ఆమె చీఫ్ గదిలోని బీరువా నుంచి ఫోను తీయించుకుని ఆన్ చేసింది. అది వెలిగి సిగ్నలు పట్టుకునేదాకా ముగ్గురమూ దానివైపే చూస్తున్నాం. బృందపు సమన్వయకర్త వేరే దేశంలో ఉంటాడు. ఆమె నేరుగా ఆయనకు ఫోను చేసి ఇంగ్లీషులో మాట్లాడింది. నేను పక్కనే ఉన్నాను గనుక ఇటువైపు మాటలన్నీ విన్నాను. ఉదయం పంపిన రకం నమ్మవద్దని, అది వెడల్పు గీతల వన్-సీ అని, గెలాక్సీ గీత ఎక్కడ ఉందో అంకెతో సహా చెప్పింది. అటువైపు నుంచి ఏదో ప్రశ్న వచ్చింది.

“లేదు, ముందు చూడలేదు” అన్నది. “గీతలు కత్తిరించే ప్రోగ్రాం రాసింది నేనే. చూడకుండా పంపిందీ నేనే.”

నేను ఫోను ఇమ్మని చేయి చాచాను. ఆమె భుజం అటు తిప్పుకుని మాట్లాడడం కొనసాగించింది. ఫోను పెట్టేసరికి ఐదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ.

“మీటింగుకి ముందే ఇవాళ్టి లిస్టు తయారైపోయిందంట సార్, ఇక మార్చరంట. రిపోర్టు పక్కన అనుమానం అని రాస్తానన్నాడు. రేపు వేరే చోటినుంచి ఇంకో వర్ణపటం తీయిస్తారంట. ఇవాళ రాత్రి మాత్రం పోయినట్టే.”

“నా పేరు ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏమవుద్ది సార్? ఎవరో చెప్తే వినేదానికి ఒంటి సంతకం దేనికి అంటారు.”

ఇందులో నా మీద దయ లేదు. ఉన్న మాట చెప్పింది. రిలీవర్‌కు ఇచ్చిన పది నిమిషాలు దాటాయని ఆమె మళ్లీ పైకి వెళ్లిపోయింది. ఐదింటికి గంట కొట్టారు. ఆమె పేపర్లు లెక్కపెట్టి అప్పగించి వచ్చేదాకా నేను చీఫ్ గదిలోనే కూర్చున్నాను. ఆమె నన్ను బస్టాండు దాకా తన స్కూటీ మీద దించింది.

రెండో వర్ణపటం మా సవరణను నిర్ధారించింది. పెద్ద టెలిస్కోపులు ఒక రాత్రి ఆలస్యంగా దానివైపు తిరిగాయి. ఆ పోయిన రాత్రిలో ఏమి దొరికి ఉండేదో, అసలు ఏమీ దొరికేది కాదో, ఎవరికీ తెలియదు. వేసవి చివర బృందం నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. సవరణను తానే ముందుగా చెప్పినందుకు బృందంలో ఉంచారు. ఒంటి సంతకం హక్కును మాత్రం ఇంకో ఏడాదికి వాయిదా వేశారు. అప్పటిదాకా ఆమె ప్రతి నివేదికనూ మరొక సభ్యుడు చూసి ఆమోదించాలి. గెలాక్సీ గీతలను కత్తిరించి తీర్పు చెప్పడం ఇకమీదట ఎవరూ చేయకూడదని ఆ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది. ఆమె ఆ వాక్యాన్ని నాకు ఫోనులో చదివి వినిపించింది. కొంచెం ఆగి రెండోసారి కూడా చదివింది.

ఇక నా అవసరం ఉండదనుకున్నాను. తరువాతి గురువారం ఉదయం మళ్లీ బొమ్మ వచ్చింది, గీతలన్నీ ఉన్న అసలు బొమ్మ. దాని కింద ఆమె ఇలా రాసింది: “ముందు గెలాక్సీ గీత కొలిచి అంకె పంపండి సార్. రకం సంగతి నేను అడిగినప్పుడు చెబుదురు గాని.” అప్పటినుంచి ఆ వరుస తప్పలేదు. కొలిచి పంపుతాను. అడిగిన వారం చెబుతాను, అడగని వారం ఊరుకుంటాను. కోడ్ నంబర్ల పద్ధతి జవాబు పత్రాలకు మంచిదని నేను ఈనాటికీ నమ్ముతాను. పేపరు ఎవరిదో తెలియకపోయినా జవాబు మారదు. వర్ణపటంలో మాత్రం గెలాక్సీ దూరం జవాబులోని భాగమే. దానిని దాచి నేను ప్రశ్నపత్రాన్నే చించినవాణ్ణయ్యాను.

ఆమె ఈ రాతను చదివి, శాస్త్ర విషయంలో మూడు చోట్ల దిద్దింది. తన గురించి రాసిన చోట ఒక పొగడ్తను కొట్టివేసింది. మిగిలిన లోపాలు నావి. నిమిషాల లెక్కలు జ్ఞాపకం నుంచి రాసినవి. ఆ రోజు ఆ గదిలోనో, ఆ బస్సులోనో ఉన్నవారు ఎవరైనా ఇది చదివితే, వాటిని సరిచేయవలసిందిగా కోరుతున్నాను. ఈ విద్య తెలిసినవారు వర్ణపటాల గురించి నేను చెప్పినదానిలో తప్పు కనిపిస్తే, వయసుకు మర్యాద ఇవ్వాలని ఆలోచించకుండా వెంటనే తెలియజేయండి. అనుమానంగా ఉన్నా సరే, ఖాయం చేసుకునేదాకా ఆగకండి.